ఒంటి విత్తు పొట్టేలు

వీరభద్రం గారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకుంటారు. పశువైద్య కళాశాలలో ఆయన దగ్గర చదివిన వాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. ఎండలో నడిపిస్తారని భయపడి కొందరు అడగడమే మానుకున్నారు.

కృపాకర్‌కు మాత్రం అడగక తప్పలేదు. అతని పరిశోధన ఎలకల మీద. మగ ఎలకకు ఒక వృషణాన్ని మెలితిప్పి, కాసేపటికి సరిచేసి, తర్వాత దానికి పిల్లలు పుడతాయో లేదో చూడాలి. మెలిపడింది ఎండిపోవడం సరే, కొన్నింటిలో ముట్టుకోని రెండోది కూడా దెబ్బతింటోంది. ఆ ఫలితాలు చూసిన దగ్గర్నుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఇంటర్ హాస్టల్లో ఉండగా అతనికీ అదే జరిగింది మరి. ఆ నొప్పి ఎవరికి చెప్పుకోవాలో తెలియక పూటంతా ఓర్చుకున్నాడు. ఆ వయసులో సిగ్గు ప్రాణం మీదికి తెస్తుందని ఎవరు చెబుతారు, పాపం! ఆసుపత్రికి వెళ్ళేసరికి ఒకటి తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు నీరజ అనే అమ్మాయితో పెళ్ళి కుదిరింది.

"పరీక్ష చేయించుకున్నాను సార్. పిల్లలు పుట్టే అవకాశం తక్కువే గాని బొత్తిగా లేకపోలేదన్నారు. నా ఎలకల్ని చూశాక ఆ నమ్మకమూ పోయింది. జాతకాలు కుదరలేదని చెప్పించి పెళ్ళి ఆపేయనా?"

వీరభద్రం గారు చెప్పులేసుకున్నారు.

ఊరి బయట పెంచలయ్య గొర్రెల మంద ఉంది. వీళ్ళు వెళ్ళేసరికి కసాయి మస్తాన్ ఒక పొట్టేలు వీపు తడిమి చూస్తున్నాడు. కిందటేడు మెలిపడితే, వీరభద్రం గారే ఒక విత్తు తీసేసి బతికించిన పొట్టేలు అది.

"దీన్ని గొర్రెల్లోకి వదిలావా?" అని అడిగారు గురువుగారు.

"ఎట్టా వదిలేది సారూ! ఒంటిదాన్ని నమ్ముకుంటే మందంతా ఒట్టిపోదా?" అన్నాడు పెంచలయ్య. మాట అలా ఉన్నా, చెయ్యి మాత్రం దాని చెవి వెనక గోకుతూనే ఉంది.

గురువుగారు జేగురు ఆముదంలో కలిపించి పొట్టేలు రొమ్ముకు దట్టంగా పట్టించి, దాన్ని గొర్రెల్లోకి వదిలించారు. అది ఎక్కిన గొర్రె నడుముకు ఎరుపు అంటుతుంది. గొర్రెలు మళ్ళీ ఎదకొచ్చే వేళకు జేగురు బదులు మసి పూయమన్నారు. చూలు కట్టని గొర్రె పొట్టేలును మళ్ళీ రానిస్తుంది, దానికి నలుపు కూడా అంటుతుంది. కట్టినదానికి ఎరుపొక్కటే మిగులుతుంది. మస్తాన్ నవ్వి, మళ్ళీ వస్తానని వెళ్ళిపోయాడు.

ఆ రెండో ఎద గడువూ తీరాక గురుశిష్యులు మళ్ళీ వెళ్ళారు. నలుపంటిన గొర్రెలు ఉన్నాయి, తక్కువేం కాదు. ఎరుపుతోనే మిగిలినవీ చాలానే ఉన్నాయి. పెంచలయ్య ఒక్కోదాన్ని పట్టుకుని నడుం చూస్తూ, "ఇదీ కట్టింది సారూ, ఇదీ కట్టింది" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మస్తాన్ వస్తే టీ ఇచ్చి పంపేశాడు.

కృపాకర్ మొహం విప్పారింది. "అయితే నేనూ పెళ్ళి చేసుకోవచ్చు కదా సార్?"

"నీ సంగతి ఆ అమ్మాయికి తెలుసా?"

"లేదు సార్. ఎలా చెప్పేది?" అని తలొంచుకున్నాడు.

వీరభద్రం గారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"గొర్రె నోరులేని జీవం గనక రంగు పూసి అడిగాం. ఆ అమ్మాయికి నోరుంది కదయ్యా."