కొంచెం జరగండి

రత్నం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ఏదైనా అడిగితే నోటితో బదులు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు వేసుకునేవారు. అడిగినవాళ్ళు వెంట వెళ్ళాలి. ఆ వెళ్ళిన చోట జవాబు దొరికితే దొరికినట్టు, లేకపోతే నడకైనా మిగిలినట్టు. ముప్పయ్యేళ్ళు రేడియోలో శబ్దం పట్టిన మనిషి ఇంత తక్కువ మాట్లాడటం కాకినాడలో చాలామందికి వింతగా ఉండేది. ఆయన దగ్గరికి పాఠాలకని వచ్చి, చెప్పులరిగాయని మానుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఝాన్సీ మానుకోలేదు. అలాగని కుదురుగానూ ఉండలేదు. ఇరవై నాలుగేళ్ళ ఆ పిల్లకు సంగీతం ఎవరూ నేర్పలేదు. పాత ల్యాప్‌టాప్, రెండు మీటలు పనిచెయ్యని చిన్న కీబోర్డు, హెడ్‌ఫోన్లు, ఇవే దాని బడి. మనసుకు విశ్రాంతినిచ్చే ఎలక్ట్రానిక్ సంగీతం చేస్తానని చెప్పుకునేది. చేసేటప్పుడు మాత్రం కాలు ఒకచోట ఆగేది కాదు, గోళ్ళు కొరుక్కునేది, ఒక ట్రాకు పూర్తికాకముందే ఇంకొకటి మొదలుపెట్టేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తనకు లేని నెమ్మదిని ఇంకొకళ్ళకు ఇవ్వబోతున్నందుకు లోలోపల సిగ్గుపడేది కూడా.

ఆమెను పెంచింది పిన్ని మంగతాయారు. జాకెట్లు కుట్టి పెంచింది. ఇప్పుడా పిన్నికి మూత్రపిండాలు పనిచెయ్యడం లేదు. సోమవారం, గురువారం ఆస్పత్రిలో డయాలిసిస్ హాల్లో కూర్చుని, నాలుగేసి గంటలు రక్తాన్ని మిషన్‌లోంచి శుద్ధి చేయించుకు రావాలి. నొప్పి ఓర్చుకోగలిగింది. ఆ హాలును మాత్రం ఓర్చుకోలేకపోయింది. కళ్ళు తెరిస్తే తన రక్తం గొట్టంలో తిరగడం కనిపిస్తుంది, మూసుకుంటే ఏం జరుగుతోందో తెలియదు. భయంతో బీపీ పెరిగి, గ్రేసు సిస్టర్ రెండుసార్లు మధ్యలోనే ఆపెయ్యాల్సి వచ్చింది. మూడోసారి పిన్ని ఆటో ఎక్కనే లేదు. ఇంకెన్నాళ్ళు బతకాలే నేను అంది, బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, ఎంతో మామూలుగా.

అప్పుడే ఝాన్సీకి తోచింది, ఆ నాలుగు గంటలకూ తనే సంగీతం కట్టాలని. సిస్టర్ సరేనంది, పిన్నిని బతిమాలి మళ్ళీ ఆటో ఎక్కించారు. ఝాన్సీ పది రోజులు కూర్చుని పిన్నికి ఇష్టమైనవన్నీ అందులో పెట్టింది. ఉప్పాడ సముద్రం, వాన, పిచ్చుకలు, దూరంగా వేణువు, వీటన్నిటి కింద పట్టుపరుపులాంటి మెత్తటి శ్రుతి. ఎక్కడా ఖాళీ వదల్లేదు. ఖాళీ వదిలితే అందులోంచి భయం దూరుతుందని ఆమె లెక్క. హాల్లో అది పెట్టిన పావుగంటకే పిన్ని చెయ్యెత్తి ఆపించింది. బాగుందమ్మా, కానీ పెళ్ళిలో చుట్టాలు చుట్టుముట్టినట్టుంది, ఊపిరాడటం లేదు అంది.

సరే, ఖాళీ కావాలన్నమాట అనుకుంది ఝాన్సీ. ఇంటికెళ్ళి కత్తెర తీసుకున్నట్టే కూర్చుంది. ప్రతి ఎనిమిది లెక్కలకూ నాలుగు సెకన్లు పూర్తి నిశ్శబ్దం, గీత గీసినట్టు. సోమవారం అది పెట్టారు. మొదటి నిశ్శబ్దం రాగానే పన్నెండు కుర్చీల్లోంచి పన్నెండు తలలు ఫ్యాను వైపు లేచాయి. తాలూకాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, కరెంటు పోయిందా సిస్టర్ అని అడిగారు. రక్తమంతా మిషన్ పాలై ఉన్నవాళ్ళకు ఆ మాట చిన్న మాట కాదు. సిస్టర్ పరుగెత్తి మిషన్లన్నీ చూసి వచ్చింది. అక్కణ్ణించి పాట ఆగినప్పుడల్లా ఆ పెద్దాయన 'పోయింది' అనడం, మళ్ళీ మొదలవగానే 'వచ్చింది' అనడం. నలుగురూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. ఆమె బీపీ ఎంతకు చేరిందో సిస్టర్ కాగితం మీద రాసి ఝాన్సీకి చూపించింది.

ఆటోలో వస్తూ పిన్ని అంది: "ఈ గురువారం ఒక్కటీ నీ కోసం వస్తాను. ఆ తరవాత నన్ను బలవంతపెట్టకు."

మర్నాడు పొద్దున్నే ఝాన్సీ మాస్టారి గుమ్మంలో నిలబడింది. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది. నిండుగా చేస్తే ఊపిరాడటం లేదంటున్నారు, ఖాళీ వదిలితే హడలిపోతున్నారు, మరి ఖాళీ అనేది ఎంత వదలాలి, ఎక్కడ వదలాలి, ఎన్ని సెకన్లు? సెకన్ల సంగతి రెండుసార్లు అడిగింది. నోట్‌బుక్ కూడా తెరిచి పట్టుకుంది.

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

సామర్లకోట బస్సెక్కారు. ముగ్గురు కూర్చునే సీటులో కిటికీ పక్కన మాస్టారు, మధ్యలో ఝాన్సీ, చివర ఆమె సంచి. అందులో ల్యాప్‌టాప్, స్పీకరు, ఎందుకైనా మంచిదని తెచ్చిన కీబోర్డు. ఎక్కీ ఎక్కగానే ఆమె హెడ్‌ఫోన్లు తగిలించుకుని మళ్ళీ ఆ ట్రాకులోకి దిగిపోయింది. రెండు స్టాపులు దాటాక చేపలమ్మే ఆవిడ ఒకామె ఎక్కింది. గంపను కండక్టరు పక్కన సర్ది, వచ్చి, ఖాళీ ఉందా అమ్మా అని అడిగింది. ఝాన్సీ తలెత్తకుండా లేదండి అంది, సంచి మీద చెయ్యేసి. ఆవిడ పక్కనున్న కడ్డీ పట్టుకుని నిలబడింది.

కొంత దూరం పోయాక బస్సు గోతిలో పడి లేచింది. ఆ కుదుపుకు హెడ్‌ఫోన్లు జారాయి. అప్పుడు చూసింది ఝాన్సీ. యాభై దాటిన మనిషి, తడి ఆరని చీర కుచ్చెళ్ళు, నిలబడి ఉండగానే కళ్ళు మూతలు పడుతున్నాయి. చురుక్కుమంది. ఏం చేసినా ఆమెకు అటు చివరో ఇటు చివరో తప్ప మధ్యరకం తెలియదు కదా, ఒక్క ఉదుటున సంచి భుజాన వేసుకుని లేచి, సీటంతా వదిలేసి, కూర్చోండి కూర్చోండి అంటూ డ్రైవరు దాకా వెళ్ళి నిలబడింది.

ఆవిడ కూర్చోలేదు. ఖాళీ సీటు వంక చూసింది, ఝాన్సీ వంక చూసింది, తన పైట కొంగును ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. ముఖం చిన్నబోయింది.

"నీసు వాసనొత్తందనా తల్లీ, అంత దూరం లేచిపోయావు?"

మంచి చెయ్యబోయి ఒక మనిషిని నలుగురిలో అవమానించినట్టయింది. చుట్టుపక్కల వాళ్ళు చూస్తున్నారు. మాస్టారు మాత్రం కిటికీలోంచి చెరకు తోటలు చూస్తున్నారు. చివరికి ఆవిడే కలగజేసుకుంది, అలిగిన పిల్లని పిలిచినట్టు.

"లెగడం దేనికే అమ్మా? రా, కూకో. కొంచెం జరుగు, చాలు."

ఝాన్సీ తిరిగి వచ్చింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది, మాస్టారి వైపు ఒద్దికగా జరిగింది. ఆవిడ అంచున కూర్చుంది, తరవాత కాస్త లోపలికి కూర్చుంది, అయిదు నిమిషాల్లో నిద్రపోయింది. ఆ తల మెల్లగా వచ్చి ఝాన్సీ భుజం మీద వాలింది. అరగంట. హెడ్‌ఫోన్లు ఒళ్ళోనే ఉన్నాయి, చెయ్యి కదిపితే ఆవిడకు మెలకువ వస్తుంది. కాలు ఆడించడానికి లేదు, గోళ్ళు కొరకడానికి లేదు. బుద్ధి తెలిశాక ఝాన్సీ అంతసేపు కదలకుండా కూర్చున్నది అదే. చేసేదేమీ లేక వింది. కిటికీ అద్దం గడగడ, టికెట్ల మిషన్ కిర్రుమనడం, వీటన్నిటి మధ్య భుజం మీద ఒక ఊపిరి. అది రావడం, పోవడం. తను లేచి నిలబడి ఉంటే ఆ ఊపిరి అక్కడ ఉండేది కాదు. సంచి ఉన్నా ఉండేది కాదు.

సామర్లకోటలో ఆవిడ ఉలిక్కిపడి లేచి, ఏమీ అనుకోకు తల్లీ, కోడి కూయకముందే లేచానని చెప్పి గంపతో దిగిపోయింది. వీళ్ళిద్దరూ స్టాండులో టీ తాగారు. ఇదేనా మాస్టారూ మీరు చూపించాలనుకున్నది అని ఝాన్సీ అడిగింది. ఈ టీలో పంచదార ఎక్కువేశాడు అన్నారాయన. తరవాతి బస్సుకు తిరిగి వచ్చేశారు.

ఆ మధ్యాహ్నం ఝాన్సీ నోట్‌బుక్ తెరవలేదు. సెకన్లు లెక్కపెట్టలేదు. ముందుగా, సీటు మీది సంచి తీసింది. అంటే వాన, పిచ్చుకలు, వేణువు పోయాయి. సముద్రం తీసేటప్పుడు మాత్రం చెయ్యి రాలేదు, అది ఆమె స్వయంగా మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి పట్టుకొచ్చింది. అయినా తీసింది. గీత గీసినట్టున్న నిశ్శబ్దాలను కూడా తీసింది. అడుగున ఉన్న శ్రుతిని ఆపలేదు, సన్నగా చేసి ఒక అంచుకు జరిపింది. ఎప్పుడో ఒకసారి ఒక స్వరం వస్తుంది, దానంతట అది సన్నబడి పోతుంది, పోయిన చోట శ్రుతి మాత్రం నేనున్నాను అన్నట్టు ఉంటుంది. వింటే ఏమీ లేనట్టే ఉంది. ఇదేదో చెయ్యకుండా వదిలేసిన పనిలా ఉందని ఆమెకే భయం వేసింది.

గురువారం మాస్టారు కూడా వచ్చారు. చెప్పులు బయట విడిచి, హాలు గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్నారు. సిస్టర్ పిన్ని చేతికి సూదులు పెట్టి, పాట పెట్టింది. అరగంట గడిచినా ఎవరూ ఏమీ అనలేదు. పాట మొదలైందన్న సంగతే ఎవరికీ పట్టినట్టు లేదు. తాలూకాఫీసు పెద్దాయన పేపరు చదువుకుంటున్నారు. ఫ్యాను తిరుగుతోంది, ఎవరో దగ్గారు, ఎవరి మిషనో తిరుగుతోంది. ఇంత కష్టపడి వినబడకుండా పోవడమా అనుకుంది ఝాన్సీ. పిన్ని కళ్ళు మూసుకునే ఉంది. పిడికిలి బిగించే ఉంది.

కొంతసేపటికి పిన్ని కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఈ మిషన్ ఎప్పట్నించీ ఇలా అంటోందే?"

ఎలా పిన్నీ అని ఝాన్సీ వంగింది. రక్తాన్ని తోసే పంపు అది, మొదటి రోజునుంచీ అలాగే తిరుగుతోంది. ఇన్నాళ్ళూ ముందు భయం, తరవాత ఝాన్సీ సముద్రం దాని మీద కూర్చుని ఉన్నాయి.

"మన కుట్టు మిషన్ లాగా. నూనె వేసిన కొత్తల్లో ఇలాగే అనేది."

పిడికిలి ఎప్పుడు విడిందో ఝాన్సీ చూడలేదు. ఆమె చూసింది దుప్పటి చివర. అక్కడ పిన్ని కుడిపాదం మెల్లగా పైకీ కిందికీ ఆడుతోంది. పంపుకు సరిగ్గా లెక్క కలుస్తోంది, ఒక పొడుగు కుట్టు వేస్తున్నట్టు. సిస్టర్ బీపీ చూసి, ఈసారి కాగితం మీద రాయకుండా తల ఊపి వెళ్ళిపోయింది. మూడో గంటలో పిన్ని, సోమవారానికి ఆ కిటికీ పక్క కుర్చీ దొరుకుతుందేమో సిస్టర్‌ని అడగవే, ఇక్కడ ఫ్యాను గాలి మెడ మీదికి కొడుతోంది అంది.

సోమవారానికి. ఝాన్సీ ఆ మాటను ఇంకోసారి లోపల అనుకుని, బయటికి వచ్చింది. మాస్టారు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. ఆమెకు నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి. ఈ రెండిటి మధ్యా చిన్న ఫిర్యాదు కూడా ఉంది, అది దాచుకోలేకపోయింది.

"నా పాట ఒక్కరు కూడా వినలేదు మాస్టారూ."

ఆయన చెప్పు పట్టీ సరిచేసుకుని లేచారు.

"నువ్వు జరిగావమ్మా," అన్నారు. "అందుకే జరిగింది."