రాశి లేని పిల్ల

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. అప్పుడే నవ్వకండర్రా, ఇది నవ్వే కథ కాదు. జాతకంలో కన్యారాశి అని రాస్తారే, ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పే కథ. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఉగ్రజటుడనే మాంత్రికుడు ఆ రాజు మీద పగబట్టి, నడుం దాకా రాయిని చేసేశాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. ఆ చిలకను చంపించిన కొడుక్కే సింహాసనం అన్నాడు రాజు.

ఆ ఊరి రేవులో పైడమ్మ అని పడవ నడిపే పిల్ల ఉండేది. నా అన్నవాళ్లు లేరు. ఏడు సముద్రాల దారి తెలిసింది ఆమె ఒక్కతెకే. పెద్ద రాకుమారుడు వచ్చి కొరడా చూపించాడు. పైడమ్మ పడవ కదపలేదు. రెండోవాడు వచ్చి బంగారం చూపించాడు. అప్పుడూ కదపలేదు. మూడోవాడు రత్నకేతు. వాడు ఏమీ చూపించలేదు. పడవలో ఆమె వంట చేసుకునే కుంపటి ముందు కూర్చుని, "పైడీ, ఈ అగ్ని సాక్షిగా నిన్ను పెళ్లాడతాను" అన్నాడు. ఇచ్చేవాడికి మాటంత చవకైంది ఇంకోటి లేదు. పిచ్చి తల్లి, నమ్మింది.

సుడిగుండాల్లో తెడ్డు వేసింది ఆమె. తిమింగలాల మధ్య దారి తీసింది ఆమె. ఏడో సముద్రం దాటాక, దీవిలో తాటిచెట్టెక్కి చిలకను పట్టింది కూడా ఆమే. రాకుమారుడికి చెట్టెక్కడం రాదు మరి.

చిలక ఆమె గుప్పిట్లో గింజుకుంటూ, "పైడమ్మా, వాడు నిన్ను పడవ దిగనివ్వడు" అంది.

"చావు ముంచుకొస్తే ఎవరైనా ఏదో ఒకటి అంటారు" అని పైడమ్మ దాని మెడ విరిచేసింది.

అక్కడ మాంత్రికుడు గిలగిలా కొట్టుకుని చచ్చాడు. ఇక్కడ ముసలిరాజు కాళ్లు కదిలాయి.

పడవ రేవుకు చేరింది. రత్నకేతు గట్టు మీదికి దూకి, పక్క చేలో వరికంకి ఒకటి తెంచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఈ గింజలే మన తలంబ్రాలు. ముహూర్తం రాకుండా పెళ్లికూతురు అత్తవారి నేల మీద అడుగు పెట్టకూడదు. నిప్పు ఆరనివ్వకు. పల్లకీ పంపిస్తాను" అన్నాడు.

పెద్దలు పెట్టిన ఆచారమే కదా అని పైడమ్మ సరేనంది. ఒక చేత్తో నిప్పు, ఒక చేత్తో కంకి పట్టుకుని పడవలోనే కూర్చుంది. రత్నకేతు వెళ్లి సింహాసనం ఎక్కాడు.

కొన్నాళ్లకి బంటు వచ్చాడు. "మూఢం వచ్చిందమ్మా, ఆగమన్నారు" అన్నాడు. ఆగింది. మళ్లీ వచ్చాడు. "శూన్యమాసం తగిలిందమ్మా, ఆగమన్నారు" అన్నాడు. ఆగింది. మూడోసారి వచ్చాడు.

"జాతకాలు కలవాలటమ్మా. మీ రాశి ఏమిటో కనుక్కోమన్నారు."

"మాకు జాతకాలు ఎవరు రాశారు నాయనా? నాకు రాశి లేదు."

"రాశి లేని పిల్లను ఎట్లా చేసుకోను అంటున్నారమ్మా రాజుగారు" అన్నాడు బంటు, తల దించుకుని.

"సుడిగుండంలో అడగలేదే నా రాశి" అంది పైడమ్మ.

వారం తిరక్కుండానే కోటలో మేళాలు మోగాయి. పొరుగు రాజు కూతురితో రత్నకేతు పెళ్లి. పైడమ్మ ఏడవలేదు. "ఇక ముహూర్తం వచ్చినా ఆ నేల మీద నేను కాలు పెట్టను" అని పడవ తిప్పింది. నీళ్లూ ఆకాశమూ కలిసే చోటికి పోయింది. అక్కడ అడ్డుగట్టు ఏముంది కనక, తెడ్డు వేసుకుంటూ అలా పైకి పోయింది.

ఆ రోజుల్లో రాశులు పదకొండే. సింహానికీ తులకూ మధ్య ఒక ఇల్లు ఖాళీగా ఉండేది. పైడమ్మ తన పడవ అక్కడ ఆపుకుంది.

ఆస్థాన జ్యోతిష్కులు ఆ ఇంట్లో ఆడపిల్ల ఆకారంలో కొత్త చుక్కలు చూశారు. ఆమె ఎవరో రేవులో వాళ్లు చెప్పారు. పడవపిల్ల పేరు పంచాంగంలో రాయడానికి పండితులకు చెయ్యి రాలేదు. "పెళ్లికాని పిల్లే కదా, కన్య అని రాసేద్దాం" అనుకున్నారు. అలా రాశి అయితే దొరికింది గానీ, ఉన్న పేరు కాస్తా పోయింది.

రత్నకేతుకు కూతురు పుట్టింది. బారసాల నాడు సభంతా నిండి ఉంది. పురోహితుడు రాజుతో సంకల్పం చెప్పిస్తూ, "పాపది కన్యారాశి ప్రభూ, ఆ మాట తండ్రి నోటితో గట్టిగా అనాలి" అన్నాడు.

రాజు ఆ మాట అనకుండా, "ఎట్లా ఉంటుంది ఆ రాశి?" అన్నాడు.

"పడవలో పిల్ల, ప్రభూ. ఒక చేత నిప్పు, ఒక చేత వరికంకి."

రాజు మెల్లిగా, "ఇంకో రాశి ఏదైనా రాయండి" అన్నాడు.

"పుట్టిన రాశిని మార్చడం మీ తరమూ కాదు, మా తరమూ కాదు" అన్నాడు పురోహితుడు.

అందరూ చూస్తున్నారు. రాణి కూడా చూస్తోంది. ఒళ్లో పసిపిల్లను పెట్టుకుని రాజు ఆ మాట పలికాడు. పూజకు కూర్చున్నప్పుడల్లా, కూతురికి సంబంధం వచ్చినప్పుడల్లా మళ్లీ పలికాడు. రాజ్యం చల్లగానే ఏలాడట, అరవై ఏళ్లు. అన్నాళ్లూ ఆమెను పైడీ అని పిలిచేవాడు ఒక్కడూ లేడు.