నూరు మేఘాల అప్పు

అనగనగా కొండల నడుమ చిత్రగిరి అని ఒక రాజ్యం. దాన్ని ఏలే శిబివర్మ మంచి రాజే, కానీ దిగులు మనిషి. వానకారు వచ్చిందంటే చాలు, అన్నం మానేసి మేడ మీద ఆకాశం కేసి చూస్తూ కూర్చునేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

ఆయనకి ముగ్గురు కొడుకులు. ఒకనాడు చిన్నవాడు మణికేతుడు అన్నం పళ్ళెం పట్టుకుని మేడ ఎక్కాడు. ముద్ద కలిపి తండ్రి చేతిలో పెట్టి, "నాతో చెప్పకూడదా నాన్నగారూ?" అన్నాడు.

ముద్ద చేతిలో పట్టుకునే రాజు ఏడ్చేశాడు.

"ఏం చెప్పను నాయనా? నువ్వు పుట్టిన ఏడు పెద్ద కరువొచ్చింది. జనం చచ్చిపోతుంటే చూడలేక, ఏడు సముద్రాల అవతలున్న ధూమ్రకుడనే మాంత్రికుడి దగ్గర నూరు మేఘాలు అప్పు తెచ్చాను. వానలు పడ్డాయి, ప్రాణాలు నిలిచాయి. అప్పటినుంచీ ఏటా మన మేఘాలు కొన్ని వడ్డీ కింద తీసుకుపోతున్నాడు. ఇప్పటికి ఎనభై పోయినా అసలు మాత్రం తరగలేదు. ఇప్పుడు మూడు వందలు ఇమ్మంటున్నాడు. లేకపోతే వచ్చే వానకారుకి ఆకాశమంతా ఊడ్చేస్తాడట. సిగ్గుతో మీ అమ్మకైనా చెప్పుకోలేదు."

ఈ సంగతి విని పెద్దకొడుకు, "సైన్యంతో వెళ్ళి వాణ్ణి చంపేస్తాను" అన్నాడు. నడిమివాడు, "రాజ్యం వదిలి ఎటైనా పోదాం" అన్నాడు. మణికేతుడు, "నేను వెళ్ళి మాట్లాడి వస్తాను" అన్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. మణికేతుడు దాన్ని విడిపించాడు. అతను వెళ్ళే చోటు తెలుసుకుని అది అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, అలా అలా ఏడో సముద్రమూ దాటారు.

అప్పుడు తాబేలు, "బాబూ, మాంత్రికుడి ప్రాణం వాడి తోటలో చిలకలో ఉంది. దాని మెడ నులిమితే వాడూ ఉండడు, అప్పూ ఉండదు" అని చెప్పింది.

తోటలో జామకొమ్మ మీద చిలక కనబడింది. మణికేతుడు చప్పున పట్టుకున్నాడు. మొక్కలకి నీళ్ళు పోస్తున్న అమ్మాయి అది చూసి కుండ వదిలేసింది. ఆమె మాంత్రికుడి కూతురు వకుళ.

"అది మా నాన్న ప్రాణం. ఆయన తప్ప నాకెవరూ లేరు" అంది మెల్లగా.

పిట్ట గుండె అతని అరచేతిలో టపటపా కొట్టుకుంటోంది. మణికేతుడికి మేడ మీద ఏడ్చిన తండ్రి గుర్తొచ్చాడు. గుప్పిట విప్పేశాడు.

ఆయాసపడుతూ పరుగెత్తుకొచ్చాడు ధూమ్రకుడు. "ఎందుకు వదిలావు?" అని అడిగాడు.

"మాది చిత్రగిరి. మీ వానలతోనే మేం బతికాం. నేను అప్పు ఎగ్గొట్టడానికి రాలేదండీ, తీర్చే దారి అడగడానికి వచ్చాను."

మాంత్రికుడు అరుగు మీద కూలబడ్డాడు. "నా దగ్గర తీసుకున్నవాళ్ళెవరూ మళ్ళీ ఈ ఒడ్డుకి రాలేదు. ఆ కోపంతోనే వడ్డీ పెంచుతూ పోయాను. సరే, చెప్పు."

"ఇప్పటికి మీకు ఎనభై మేఘాలు ముట్టాయి. వాటిని అసలులో జమ వేసుకోండి. ఇక వడ్డీ ఆపండి. మిగిలిన ఇరవై ఇస్తాం."

"కుదరదు. అరవై ఇవ్వాలి."

"అరవై పోతే వాళ్ళ చెరువుల్లో ఏం మిగులుతుంది నాన్నా?" అంది వకుళ.

బేరం సాగి సాగి ముప్పై దగ్గర ఆగింది. ఏటా పది చొప్పున మూడు వాయిదాలు. అదీ చెరువులు నిండాకే.

"ఒక ఏడు తప్పితే?" అన్నాడు మాంత్రికుడు.

"తప్పేలా ఉంటే నేనే ముందుగా వచ్చి చెబుతాను. దాక్కోను."

మొదటి ఏడు అన్నదమ్ములు ముగ్గురూ మేఘాలకి నూలు తాళ్ళు కట్టి, ఆవుల్ని తోలినట్టు ఒడ్డుదాకా తోలారు. మణికేతుడు తాబేలు మీద వెళ్ళి పదీ అప్పగించి వచ్చాడు.

రెండో ఏడు వానలు సరిగ్గా పడలేదు. మణికేతుడు వట్టి చేతులతో వెళ్ళి నిలబడ్డాడు. మాంత్రికుడు అతని వట్టి చేతుల కేసి, ఎండకి కమిలిన మొహం కేసి చూశాడు. చివరికి, "వచ్చే ఏడు ఇద్దువుగానిలే. ఎండన పడి వచ్చావు, భోజనం చేసి వెళ్ళు" అన్నాడు. వకుళ విస్తరి వేసింది.

పెద్దన్న సైన్యం చేత కొత్త చెరువులు తవ్వించాడు. ఆ తర్వాత వానలు బాగా పడ్డాయి. రెండో వాయిదా తీరింది. మూడో వాయిదాకి రాజే కొడుకు వెంట వెళ్ళాడు. ఆఖరి మేఘం తాడు అందుకుని ధూమ్రకుడు, "ఇక మీరు నాకేమీ బాకీ లేరు" అన్నాడు.  శిబివర్మ ధూమ్రకుడి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

తర్వాత, "మీ అమ్మాయిని మా కోడలిగా పంపుతారా?" అని అడిగాడు. ధూమ్రకుడు కూతురి కేసి చూశాడు.

"ఇవ్వగలిగిన ఏడు వచ్చారు, ఇవ్వలేని ఏడూ వచ్చారు. నాకిష్టమే నాన్నా" అంది వకుళ.

పెళ్ళి వైభవంగా జరిగింది. అన్నలిద్దరూ ఇష్టపడి తమ్ముణ్ణే గద్దె ఎక్కించారు. మణికేతుడూ వకుళా జుట్టు తెల్లబడేదాకా చిత్రగిరిని చల్లగా ఏలారు. వాళ్ళ కొలువుకి ఎవరైనా అప్పుల్లో చిక్కుకుని తలవంచుకుని వస్తే, ముందు చాప వేసి కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, వాళ్ళు తాగడం అయ్యాకే ఎంతని అడిగేవారట.