ఎర్రచెంప తల్లి ముందు ఊపిరి మొక్కు

పసిడిపాడు వాగు దాటి మెట్లెక్కితే కనిపించే చిన్న గుడిలో కొలువైన తల్లిని ఎర్రచెంపమ్మ అంటారు. అమ్మవారిది కొయ్య విగ్రహం. నిలువెల్లా బంగారు రేకు మెరుస్తుంటే, ఎడమచెంప మాత్రం ఎర్రమట్టి రంగులో ఉంటుంది. కొత్తగా వచ్చిన భక్తులు "అయ్యో, బంగారం ఊడిపోయిందే!" అని నొచ్చుకుంటారు. ఊడిపోలేదు, అసలు అతకనే లేదు. ఇక్కడ అమ్మవారికి అభిషేకం కూడా ఉండదు. నీళ్ళతో అతికించిన బంగారం నీళ్ళు తగిలితే లేచిపోతుంది. ఇదేం తిరకాసని తల గోక్కునేవారు కంగారు పడనక్కరలేదు. ఈ బంగారు రేకు పని నేర్చుకున్న ఇల్లాలు ఇంతకన్నా తికమకపడింది.

పూర్వం ఇక్కడ ముత్యాలాచారి అనే శిల్పి ఉండేవాడు. కొయ్యకు బంగారు రేకు అతికించడంలో ఆయనకు ఆయనే సాటి. ఈ అమ్మవారిని చెక్కడం పూర్తయ్యేసరికి ఆయన చేతులు వణకసాగాయి, కళ్ళకు పొర కమ్మసాగింది. "చూపు పోయేలోగా తల్లి ముఖం మెరవడం ఒక్కసారి చూస్తే చాలు" అన్నదొక్కటే ఆయన ఆశ. బిడ్డలు లేరు, శిష్యులు లేరు. మిగిలింది ఇల్లాలు నాంచారమ్మ. ఆవిడకు గుమ్మం ముందు ముగ్గు తప్ప మరో పని చేతకాదు. అయినా భర్త ఆశ తీర్చాలని కొంగు బిగించింది.

సుద్దలో జిగురు కలిపి పూతల మీద పూతలు వేయడం, దానిపైన మెత్తని ఎర్రమట్టి పూయడం వరకు బాగానే సాగింది. చిక్కంతా ఆ తర్వాతే వచ్చింది.

"మట్టిని నీళ్ళతో తడుపు. అయ్యయ్యో, ఏం చేశావే!"

"మీరే కదండీ తడపమన్నారు?"

"తడపమన్నాను గానీ నానబెట్టమన్నానా?"

రేకును వేలితో ముట్టుకోకూడదట, కుంచెతో ఎత్తాలట. ఎత్తబోతే అది కాస్తా ఎగిరి ఆవిడ ముక్కుపుడక మీద వాలేది. నున్నటి రాయితో రుద్ది మెరుగు పెట్టబోతే "ఇంకా పచ్చిగా ఉంది, ఆగు" అనేవాడు. ఆగితే "ఎండిపోయిందే, ఇక మెరవదు" అనేవాడు. పచ్చి ఎప్పుడు పోతుందో, ఎండు ఎప్పుడు వస్తుందో ఆ పిచ్చితల్లికి అంతుపట్టేది కాదు. రాయి చేతిలో పట్టుకుని అయోమయంగా కూర్చునేది.

ఇంకో చిక్కు. దేవతా విగ్రహానికి ఊపిరి తగలకూడదని ఆవిడ నోటికి గుడ్డ కట్టుకుని పని చేసేది. రేకుల నడుమ సన్నని చీలికలు మిగిలిపోయేవి. నీళ్ళు పెడితే మరకలు పడేవి, పెట్టకపోతే బంగారం పట్టేది కాదు. భర్త చూపు చూస్తే రోజురోజుకీ సన్నగిల్లుతోంది. చివరికి ఆచారి తలవంచుకుని అసలు సంగతి చెప్పాడు.

"గుడ్డ తీసెయ్యవే. చీలిక మీద ఊపిరి వదులు. ఆ వెచ్చని తేమకు పట్టేస్తుంది. మా నాన్నా అంతే చేసేవాడు. ఎంగిలంటారని ఎవరికీ చెప్పం."

నాంచారమ్మకు సందేహం వచ్చింది. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నది భక్తా, పొరపాటా? లెంపలేసుకుని, గుడ్డ విప్పి, తల్లి నుదుటి మీద మెల్లగా ఊపిరి వదిలింది. రేకు అతుక్కుంది.

పాదాల నుంచి ముఖం వరకు అంతా మెరిసింది. ఎడమచెంప ఒక్కటే మిగిలింది. కానీ అప్పటికే ఆచారికి చూపు పూర్తిగా పోయింది. పాపం, ఆయన ఏడవలేదు. "ఆఖరి రేకు నా చేత్తో పెట్టనీ" అన్నాడు. ఆవిడ చెంపను తడిపి, రేకెత్తిన కుంచె ఆయనకు అందించింది. ఆయన కుంచెను చెంప వైపు చాచాడు. రేకు గాలిలో తిరిగి, చిరిగి, ఆయన గడ్డంలో చిక్కుకుంది. ఆయనకు తెలియలేదు. చెంపకు దగ్గరగా వంగి, ఆర్తిగా ఊపిరి వదిలి అడిగాడు.

"అతికిందా?"

నాంచారమ్మ తలెత్తి చూసింది. ఎదురుగా అమ్మవారు, పక్కన భర్త. "అతికిందండీ. ధగధగలాడుతోంది" అంది.

ఆయన ముఖం ఆనందంతో వెలిగిపోయింది. ఆవిడకు మాత్రం దిగులు పట్టుకుంది. దేవత ముందు అబద్ధమాడాను, ఇది పాపమా, కాదా? తప్పు దిద్దుకోవాలని భర్త ఇంట్లో లేని వేళ ఆ చెంపకు మళ్ళీ రేకు పెట్టింది. అతకలేదు. నీళ్ళు తగ్గించింది, పెంచింది, ఊపిరి వదిలింది. ఊహూఁ! విసిగి వేసారి, ఆ మధ్యాహ్నం అరుగు మీద కునుకు తీస్తే తల్లి కలలోకి వచ్చింది.

"అతికిందని నువ్వే చెప్పావు కదటే! మళ్ళీ అతికిస్తానంటావేం? నేను నీ మొదటి మాటే నమ్మాను. ఈ చెంప ఆయనది, ఇలాగే ఉండనీ" అని నవ్విందట. నాంచారమ్మ లేచి కళ్ళు తుడుచుకుంది. పాపమా కాదా అన్నది అమ్మవారు చెప్పనే లేదు. ఆవిడా మళ్ళీ అడగలేదు.

నేటికీ ఆ చెంపకు బంగారం పెట్టరు. గర్భగుడిలో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే ఆచారమూ లేదు. దంపతులు వస్తే ఒకరు కళ్ళు మూసుకుని, తల్లి ఎడమచెంప వైపు మెల్లగా ఊపిరి వదిలి "అతికిందా?" అని అడుగుతారు. రెండోవారు "అతికింది" అనాలి. ఒంటరిగా వచ్చినవారికి అర్చకులే ఆ మాట చెబుతారు. ఈ మొక్కు తీర్చినవారి కంటిచూపు నిలుస్తుందని, కాపురం చల్లగా ఉంటుందని భక్తుల నమ్మకం. కళ్ళు తెరిచి చూస్తే చెంప ఎర్రగానే ఉంటుంది. ఆ సంగతి మెట్లు దిగేదాకా ఎవరూ ఎత్తరు.