ధవళరాయుడు కట్టించిన కొమ్మ

“మన మందలో పుట్టిన ప్రతి పిల్లకూ ఒకే మేత. ఏ జాతి అని అడగం. ఎవరి చెవులు ఎంత పొడుగో చూడం.”

పిల్లలూ, ఈ మాట అన్నది ధవళరాయుడనే మేకపోతు. మంద పెద్దగా ఎన్నికైన రోజున, ఎత్తైన బండ మీద నిలబడి, గడ్డం ఊపుతూ అన్నాడు. మందంతా నమ్మింది. ఆ మాట ఏమైందో వినండి.

అనగనగా రాళ్లగుట్టల నడుమ ఒక అడవిలో, వాగు ఒడ్డున ఆ మంద ఉండేది. అందులో రెండు జాతులు. తెల్లమేకలవి పొడుగు కాళ్లు, వేలాడే చెవులు. నల్లమేకలవి పొట్టి కాళ్లు, గట్టి గిట్టలు. ధవళరాయుడు తెల్లమేక.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. గడ్డి మాడిపోయింది. తల్లుల పొదుగుల్లో పాలు తగ్గాయి. పాలు చాలని పిల్లల కోసం లేత కొమ్మలు విరిచి ఇస్తానని ఒక కొండముచ్చు ఒప్పుకున్నాడు. కింద వేస్తే తొక్కి పాడుచేస్తారని, వాటిని చెట్టుకు వేలాడగట్టాలని అనుకున్నారు. ఎంత ఎత్తున కట్టాలి? ధవళరాయుడు తన కూతురు వెన్నెలను పిలిచాడు. వెన్నెల వెనక కాళ్ల మీద లేచి మెడ చాచింది. ఆ మూతికి అందినచోట కట్టించాడు.

నల్లపిల్లలూ లేచారు. మెడలు చాచారు. ఒక్కరికీ అందలేదు. రాలిన ఎండుటాకులే వాళ్ల మేత.

కొన్నాళ్లకు తెల్లపిల్లలు నిగనిగలాడారు. నల్లపిల్లల డొక్కలు లోపలికి పోయాయి. కాటుక అనే నల్లమేక కొడుకు మినుము అందరికంటే చిక్కిపోయాడు. కాటుక ధవళరాయుడి దగ్గరికి వెళ్లి, పిల్లలకు మేత అందడం లేదని చెప్పింది. తప్పు మేతది కాదని, జాతే అలాంటిదని, రేగు విత్తు వేస్తే మామిడి మొలవదని అతను నవ్వాడు. ఆమె మళ్లీ వెళ్లింది. ఈసారి నల్లపిల్లలు సోమరులన్నాడు. కొమ్మ అందరికీ ఒక్కటే కదా, ఎవరైనా అడ్డుపడ్డారా అని ఎదురు అడిగాడు. మూడోసారి వెళ్లేసరికి, మందనంతా పిలిచి కొత్త కట్టుబాటు చెబుతున్నాడు.

“వానలకు ముందే వాగు దాటి పైకొండకు పోవాలి. బక్క పిల్లలు దారిలో భారం. జాతిలోనే ఎదుగుదల లేనివాళ్లను ఈ ఒడ్డునే వదిలేద్దాం.”

పిల్లలను వదిలేయాలన్న ఆ ఒడ్డునే తోడేళ్లు తిరుగుతాయి. ఆ సంగతి ధవళరాయుడికీ తెలుసు. బిడ్డల్ని ఆకలికి మాడ్చి, ఆ ఆకలికి జాతి అని పేరు పెట్టడం కాటుక ఎన్నడూ వినలేదు. మీరు విన్నారా?

ఇంతలో వెన్నెల వెనక గిట్టలో తుమ్మముల్లు దిగింది. కాలు వాచింది. అప్పటికే తండ్రి పైకొండ దారి చూసి రావడానికి వెళ్లాడు. ముల్లు ఊడినా వెన్నెల వెనక కాళ్ల మీద లేవలేకపోయింది. కొమ్మ అక్కడే ఉంది, ఆకు అక్కడే ఉంది, మూతి మాత్రం చేరదు. నల్లపిల్లల పక్కన ఆమె కూడా ఎండుటాకులు ఏరుకుంది.

చాలా రోజులకు ధవళరాయుడు తిరిగి వచ్చాడు. వస్తూనే, వదిలేయాల్సిన పిల్లలను ఎంచసాగాడు. ఎండకు నిప్పంటుకుని కాలిన గడ్డి మసిలో, ఒళ్లంతా నల్లబడి, కాళ్లు ముడుచుకుని, ముఖం పొదలో దాచుకుని ఒక పిల్ల పడుకుని ఉంది. వెన్నెముక బయటికి తేలింది.

“ఇదిగో, దీన్ని చూడండి. నల్లజాతి అంటే ఇదీ. దీన్నీ వదిలేయండి.”

ఆ పిల్ల తల తిప్పింది.

“నాన్నా, నేను వెన్నెలను.”

మందంతా ధవళరాయుడి వైపు తిరిగింది.

అప్పటికైనా సిగ్గుపడ్డాడనుకుంటున్నారా? లేదు. కొండముచ్చును పిలిచి, వెన్నెల ఒక్కదాని కోసం ఒక కొమ్మ కిందికి కట్టమన్నాడు. కొమ్మ కిందికి వచ్చింది. వెన్నెల దాన్ని ముట్టలేదు.

“మినుమూ, రా. మీ వాళ్లనూ పిలువు. మీరు తినకపోతే నేనూ తినను.”

తండ్రి కోప్పడ్డాడు, బతిమాలాడు. ఆమె మేతకు నోరు తెరవలేదు. ఆకలి తన కూతురిది కాబట్టి చివరికి అతనే తగ్గి, నల్లపిల్లలనూ తిననిచ్చాడు.

రోజులు గడిచాయి. వెన్నెల తేరుకుంది. మినుము ఛాతీ నిండింది, బొచ్చు మెరిసింది. వెన్నెలంత పొడుగు కాలేదు, ఎప్పటికీ కాడు. జాతి ఇచ్చేది కాళ్ల పొడవే. ఆ కాళ్ల మీద నిలబడాలంటే మేత కావాలి. రాళ్లగుట్ట ఎక్కడంలో ఇప్పుడు మినుమే ముందు.

కూతురి కాలు నయమైందని చూడగానే ధవళరాయుడు కొమ్మను మళ్లీ పైకి కట్టమన్నాడు. పిల్లలను వదిలేయాలన్న కట్టుబాటు ఎత్తేసే మాటే లేదు. అప్పుడు కాటుక బండ ముందుకు వచ్చి నిలబడింది.

“రాయుడన్నా, ఆకలికి జాతి లేదని నీ బిడ్డే చూపించింది. మేత మా హక్కు, నీ దయ కాదు. కొమ్మ ఎంత ఎత్తున కడతావు? మా పిల్లల్ని వాగు దాటిస్తావా, లేదా?”

“ఆలోచిద్దాం కాటుకమ్మా. తొందరేముంది?”

“కడుపు నిండినవాడికి ఉండదులే అన్నా, తొందర.”

ఎవరో కిసుక్కున నవ్వారు. నల్లమేకలు కాటుక వెనక చేరాయి. తర్వాత వెన్నెల వచ్చింది. ఆమె వెంట తెల్లపిల్లలు, వాళ్ల వెంట వాళ్ల తల్లులు. ధవళరాయుడి వెనక అతని నీడ ఒక్కటే మిగిలింది.

“ఏరువాక పున్నమి వరకు గడువు,” అంది కాటుక. “ఆ రోజు పొద్దెక్కేలోగా జవాబు రాకపోతే, మా పిల్లలతో వాగు మేమే దాటుతాం. నువ్వు ఈ ఒడ్డునే ఉండు.”

నీతి: అందరికీ ఒకే ఎత్తున కట్టిన మేత అందరికీ అందినట్టు కాదు, బిడ్డ ఎదగలేదని జాతిని తిట్టే ముందు కొమ్మ ఎత్తు చూడాలి.