నేరేడు చెట్టు ఉయ్యాలలు

వల్లభమ్మగారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగిన రోజున జవాబు చెప్పరు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని ఇచ్చి ఊరుకుంటారు. బియ్యంలో రాళ్ళు ఏరమంటారు, పెరట్లో కలుపు తీయమంటారు, పొరుగింటి ముసలాయనకి పేపరు చదివి వినిపించి రమ్మంటారు. పని పూర్తయ్యాకయినా జవాబు దొరుకుతుందన్న నమ్మకం లేదు. అయినా ఏనుగ్గుట్ట కింద ఉన్న ఆ పెంకుటింటి వరండాకి, ఆవిడ నోట నాలుగు మాటలు వినాలని జనం వస్తూనే ఉంటారు. కొందరు అక్కడే ఉండిపోతారు కూడా. అలా ఉండిపోయినవాళ్ళలో మురహరి ఒకడు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చాడు. చురుకైనవాడు, ఏ పనీ సగంలో వదలనివాడు. అతనిలో లోపమల్లా ఒక్కటే. తన నోటి నుంచి వచ్చిన మాట అందంగా కుదిరిందంటే, అది నిజం కూడా అయి ఉంటుందని అనుకుంటాడు.

ఒక శనివారం సాయంత్రం అతను అడిగాడు. "అమ్మా, మనసు శుభ్రం చేసుకుందామని కూర్చుంటాను. పాత కోపాలు, పాత ఆశలు, ఎప్పుడో ఎవరో అన్న మాటలు, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అందులో ఏది చెత్తో, ఏది కాదో ఎలా తెలుస్తుంది?"

ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే, "రేపు బడిపిల్లలు గుట్ట శుభ్రం చెయ్యడానికి వస్తున్నారు కదా. పైభాగం నువ్వు చూసుకో నాయనా," అన్నారు.

ఊరు మొత్తానికి ఏనుగ్గుట్ట ఒక్కటే పచ్చగా ఉన్న చోటు. పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళు, మధ్యాహ్నం నీడకి వచ్చేవాళ్ళు, చీకటి పడ్డాక సీసాలతో వచ్చేవాళ్ళు, అందరికీ అదే కావాలి. ఊడ్చేవాళ్ళు మాత్రం ఉండరు. అందుకని నెలకో ఆదివారం నడకవాళ్ళూ మునిసిపల్ బడి పిల్లలూ కలిసి గోతాలు పట్టుకుని ఎక్కుతారు. వీళ్ళందరికీ పెద్ద, రిటైరైన బస్సు కండక్టరు పిచ్చయ్యగారు. ఆయన విజిల్ ఇంకా ఆయన మెడలోనే ఉంది. రెండుసార్లు ఊదితే కదలాలి, ఒకసారి ఊదితే ఆగాలి. "లోపలికి జరగండమ్మా, లోపలికి జరగండి! ఆ పొద వెనకాల బోలెడంత ఖాళీ!" అని ఆయన కేక పెడితే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. వల్లభమ్మగారూ వస్తారు. మోకాళ్ళు మాట వినవు కాబట్టి కింద మెట్ల దగ్గరే కూర్చుని, చెయ్యి అందినంత మేర సీసా మూతలు ఏరుతూ ఉంటారు.

ఆ ఆదివారం మురహరి పిల్లలతో గుట్ట పైదాకా వెళ్ళాడు. అక్కడ ఒక నేరేడు చెట్టు ఉంది, దాని మొదట్లో పసుపు రాసిన రాయి ఉంది. బిడ్డలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్ళు చీర ముక్కతో జానెడంత ఉయ్యాల చేసి, అందులో బిడ్డకి మారుగా ఒక గులకరాయి పెట్టి, ఆ చెట్టు కొమ్మలకి కట్టిపోతారు. ఎండకీ వానకీ రంగులు పోయి, కొన్ని చిరిగి, కొన్ని ఒంటి దారం మీద వేలాడుతున్నాయి. గాలికి ఎగిరొచ్చిన గుట్కా ప్యాకెట్లూ చిప్స్ కవర్లూ వాటి మధ్య చిక్కుకుని రెపరెపలాడుతున్నాయి. దూరం నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు.

ఆరో తరగతి హైమావతి కత్తెర పట్టుకుని చెట్టెక్కింది. కొమ్మలెక్కడంలో ఆ బడిలో ఎవరైనా ఆమె తర్వాతే. కవర్లన్నీ కత్తిరించి కింద పడేశాక, కొమ్మ మీద చతికిలబడి అడిగింది. "సార్, ఉయ్యాలలు కూడానా?"

"ఒసే, అవి మొక్కులే," అంది కింద నుంచి ఒక పిల్ల.

మురహరి కాసేపు ఆలోచించాడు. "మొక్కు కట్టిన రోజునే దేవుడికి చేరిపోయింది. ఇక కొమ్మకి మిగిలింది గుడ్డ ఒక్కటే," అన్నాడు. మాట బాగా కుదిరింది. పైన హైమావతి ఇంకా కత్తెర ఆడించకుండా చూస్తూ ఉంటే, "తీసెయ్ అమ్మా, అన్నీ తీసెయ్," అన్నాడు.

గంట తిరిగేసరికి చెట్టు బోసిగా, శుభ్రంగా నిలబడింది. మొదలుకి సున్నం కొట్టి, మధ్యలో ఎర్రటి జాజు పట్టీ వేశారు. "పెళ్ళికొడుకులా ఉంది కదా!" అన్నారెవరో. "గుండు చేయించుకున్న పెళ్ళికొడుకు," అన్నారింకెవరో. గోతాలు కిందికి దిగాయి. మునిసిపాలిటీ ట్రాక్టరులోకి ఎక్కాయి.

సరిగ్గా అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు మెట్లెక్కి వచ్చారు. కోటేశ్వరికి ఏడో నెల. అత్త వెంకాయమ్మ ఆమెకి గొడుగు పట్టి, నాలుగు మెట్లకోసారి కూర్చోబెడుతూ తీసుకొచ్చింది. మొదటి కానుపులో బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత కోటేశ్వరి, చనిపోయిన తన తల్లి చీర కొంగు చింపి ఈ చెట్టుకి ఉయ్యాల కట్టింది. నిన్న పడుకుంటే ఏదో పాడు కల వచ్చిందట. ఉయ్యాల కొమ్మ మీదే ఉందని కళ్ళారా చూస్తేగాని ముద్ద దిగదని పట్టుబట్టిందట.

కోటేశ్వరి చెట్టు వంక చూసింది. ఒకసారి చుట్టూ తిరిగి వచ్చింది. తర్వాత ఆ పసుపు రాయి పక్కన కూలబడింది.

"ఎవురు చేశార్రా ఈ పని?" వెంకాయమ్మ గొంతు గుట్టంతా వినపడింది. "కడుపుతో ఉన్న పిల్ల కట్టుకున్న ఉయ్యాల తెంపడానికి చేతులెట్టా వచ్చినయ్యి? ఉయ్యాల తెగితే ఉయ్యాల్లో బిడ్డకి..." అని, తన మాటకి తనే భయపడి ఆగిపోయింది.

పిల్లలంతా హైమావతి వైపు చూశారు. ఆ పిల్ల చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది.

"పిల్లది కాదమ్మా తప్పు. తియ్యమన్నది నేను," మురహరి ముందుకొచ్చాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. "కానీ ఒక్కటి ఆలోచించండి. అది గుడ్డముక్క. గుడ్డముక్కకీ కడుపులో బిడ్డకీ సంబంధం ఏముంటుంది?"

"నీకు పెళ్ళయిందా బాబూ?"

"లేదండీ."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

ఒకరిద్దరు పిల్లలకి నవ్వొచ్చింది, నోరు మూసుకున్నారు. కోటేశ్వరి తల ఎత్తి ఒక్కటే అడిగింది. "ఎక్కడ పడేశారు?"

కింద ట్రాక్టరు అప్పుడే కదిలింది. పిచ్చయ్యగారు గుట్ట అంచుకి పరిగెత్తి, ఊపిరంతా కూడగట్టి ఒకే ఒక్క విజిల్ ఊదారు. ఆ డ్రైవరు కుర్రాడు చిన్నప్పుడు రోజూ బడికి ఆయన బస్సులోనే వెళ్ళినవాడు. ఒక్క విజిల్ చెవిన పడగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

అందరూ కిందికి దిగారు. సంగతి విని వల్లభమ్మగారు "విప్పండి," అని మొదటి గోతాం తన ముందుకి లాక్కున్నారు. చేతిపంపు దగ్గర గోతాలన్నీ గుమ్మరించారు. టీ గ్లాసులు, బత్తాయి తొక్కలు, విరిగిన చెప్పులు, వాటి కింద నలిగి, మురికి నీళ్ళలో నాని, ఉయ్యాలలు. గులకరాళ్ళు ఎప్పుడో జారిపోయాయి. మురహరి పంచె ఎగగట్టి బకెట్టు ముందు కూర్చున్నాడు. పిల్లలు ఒక్కో గుడ్డా తెచ్చి ఇవ్వడం, అతను జాడించి పిండడం, ఇంకొకరు తీసుకెళ్ళి మెట్ల మీద కూర్చున్న కోటేశ్వరికి చూపించడం.

"ఇదా అక్కా?"

"కాదేమోనమ్మా."

"ఇదీ?"

"మా అమ్మది ఆకుపచ్చ. ఇదీ ఒకప్పుడు ఆకుపచ్చేనేమో. తెలీడం లేదు."

"ఇదైతే మా ఇంట్లో పొయ్యి దగ్గర మసిగుడ్డలా ఉంది సార్," అన్నాడొక పిల్లాడు. "చిరుగుతుంది, మెల్లిగా పట్టుకో," అన్నాడు మురహరి. చివికిపోయిన ఒక ముక్కని తనే రెండు అరచేతుల మధ్య పెట్టి, పిండకుండా నీళ్ళు కారనిచ్చాడు. ప్రతి గుడ్డనీ అలాగే చేశాడు. ఇది అక్కరలేదులే అని ఒక్కదాన్నీ పక్కకి నెట్టలేదు. గోతాలు ఖాళీ అయ్యాయి. పంపు చుట్టూ ఉన్న కంచె మీద ఉయ్యాలలన్నీ వరసగా ఆరుతున్నాయి. అన్నీ ఒకే వెలిసిపోయిన రంగు. ఏది తనదో కోటేశ్వరికి తేలలేదు.

అప్పుడు చూసుకుంటే హైమావతి లేదు. పంపు వెనక గోడవారగా, మోకాళ్ళలో తల పెట్టుకుని ఉంది. పిచ్చయ్యగారు "రామ్మా, రా" అని బుజ్జగిస్తే లేచి వచ్చింది. నేరుగా కోటేశ్వరి ముందుకు వచ్చి నిలబడింది. ఎంతసేపటి నుంచి గొంతులో పెట్టుకుందో, ఒక్కసారే బయటపడింది.

"అక్కా, నేను కత్తిరించాను కదా. నీ పాప చచ్చిపోద్దా?"

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట ఆ తెల్లవారుజాము నుంచి కోటేశ్వరి నాలుక చివర్న ఉన్నదే. ఎవర్నీ అడగలేక, అడిగితే ఎక్కడ నిజమైపోతుందోనని, చెట్టుని చూడడానికి వచ్చింది. ఇప్పుడదే మాట ఒక పన్నెండేళ్ళ పిల్ల, ముక్కు చీదుకుంటూ ఆమెనే అడుగుతోంది. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు.

"ఛీ, అదేం మాటే పిచ్చిదానా!" అంది కోటేశ్వరి. పిల్ల చెయ్యి పట్టి లాగి తన కడుపు మీద పెట్టుకుంది. "ఇక్కడ కాదు, ఇదుగో, ఇక్కడ. మాట్లాడకుండా ఉండు."

అందరూ మాట్లాడకుండా ఉన్నారు. పంపు నుంచి చుక్కలు పడుతున్నాయి. ట్రాక్టరు డ్రైవరు కూడా దిగి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తన్నింది!" హైమావతి చెయ్యి వెనక్కి లాక్కుంది, మళ్ళీ తనే పెట్టింది. "అక్కా, నిజంగా తన్నింది!"

"నిన్నే తన్నింది. ఆడపిల్లవై ఉండి అంత చెట్టు ఎక్కుతావా అని."

"కాదు, నన్నూ ఎక్కించుకో అని," అంది ఆ పిల్ల, ఏడుపు ఇంకా ఆగకుండానే.

వెంకాయమ్మకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "ఇంత గట్టిగా తంతందంటే ఆడపిల్లే అయ్యుంటది. ఇదీ ఇట్టాంటి కోతే పుడతది మా కొంపకి," అంటూ కళ్ళు తుడుచుకుంది. కోటేశ్వరి కంచె మీద ఆరుతున్న గుడ్డల్ని ఒకసారి చివరిదాకా చూసింది. "అన్నీ కట్టేద్దాం. నాది అందులో ఉండే ఉంటుంది," అంది. పిల్లలు గులకరాళ్ళ కోసం పరిగెత్తారు. పిచ్చయ్యగారు రెండు విజిళ్ళు ఊదారు. ఈసారి కోటేశ్వరి మెట్లెక్కలేదు. కిందే కూర్చుని, వెంకాయమ్మ మూట విప్పి ఇచ్చిన పులిహోర తిన్నది.

సాయంత్రం మురహరి వల్లభమ్మగారి ముందు కూర్చున్నాడు. "నా ప్రశ్న అలాగే ఉండిపోయిందమ్మా," అన్నాడు.

"అన్ని గుడ్డలు ఉతికావు. ఎన్ని పారేశావు?"

"ఒక్కటీ పారేయలేదమ్మా. ఎలా పారేస్తాను? ఏది ఎవరిదో నాకు తెలియదు కదా."

వల్లభమ్మగారు దీపం వత్తి సరిచేసి, అతని వైపు ఎంతో ప్రేమగా చూశారు.

"పొద్దున తెలుసా నాయనా?" అన్నారు.