కుందేటికి ఏకాదశి లేదు

అనగనగా, రాజుల కథలు రాసేవాళ్ళకి సిరా అయిపోయిన చోట ఒక ఊరు మొదలైంది. ఆ ఊళ్ళో ఒక పెద్దిల్లు. పెద్దింటికి ఒక పెరడు. పెరడు ఊడ్చడానికి ఒక మనిషి. ఈ కథ ఆ మనిషిది.

ఆమె పేరు పెంటమ్మ. ఆమెకంటే ముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోది పుట్టగానే తల్లి చాటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. "ఇది చెత్త, నీకెందుకు" అని చావుకి చెప్పడమన్నమాట. చావు నమ్మింది. ముక్కు మూసుకుని వెళ్ళిపోయింది. పిల్ల బతికింది, పేరు పెంటమ్మ అయింది.

చావు నమ్మింది సరే. ఊరు కూడా నమ్మింది. అందుకే పెంటమ్మకి పెద్దింటి వెనక మెట్టు దాకే దారి. మెట్టు ఎక్కకూడదు. ఎవరినీ తాకకూడదు. దున్నేవాడిదే భూమి అని మనం గొంతు చించుకుంటాం కదా, ఊడ్చేదానిదే ఇల్లు అని మాత్రం ఇప్పటికీ ఎవరూ అనలేదు.

ఆ ఇంటి యజమాని పెద్దాచారి గారు. ఆయన చెల్లెలు తాయారమ్మ. పద్నాలుగేళ్ళకే భర్త పోయి పుట్టింటికొచ్చింది. అప్పుడు తండ్రి ఆమెకి మూడిచ్చాడు. పడుకోవడానికి చాప, తాగడానికి చెంబు, మాట్లాడుకోవడానికి కుందేలు. తండ్రి పోయాడు. చాప చిరిగింది. చెంబు సొట్టపోయింది. కుందేలు ముసలిదై చచ్చిపోతే దాని పిల్ల, ఆ పిల్లకో పిల్ల. ఇప్పుడున్నది మూడో తరం. పేరు దూది.

తాయారమ్మకి ఒంటిపూట భోజనం. ఏకాదశికి అదీ లేదు, పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. అలా ఎందుకని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఎవరినీ అడగలేదు.

పెంటమ్మ రోజూ మూడు చోట్ల ఊడ్చేది. ముందు పెరడు, తర్వాత పశువుల కొట్టం, ఆఖరికి దూది గూడు. ఊడుస్తూ చూసేది, చూస్తూ ఊడ్చేది. దూది పెంటికలు శనగ గింజలంత, గుండ్రంగా, పొడిగా ఉండేవి. చీపురుకి టపటపా తగిలేవి. "బాగున్నావులే" అనేది పెంటమ్మ.

దశమి పొద్దున కూడా అలాగే అంది.

ఏకాదశి పొద్దున ఊడ్చింది. చీపురుకి ఏమీ తగల్లేదు. వంగి చూసింది. మూలన మూడే మూడు పెంటికలు, ఆవగింజలంత. రాత్రి వేసిన గడ్డి వేసినట్టే ఉంది. గూట్లో దూది లేదు.

దూది నడవలో ఉంది. పట్టుబట్ట పరిచిన పీట మీద ఉంది. మెడలో తులసిమాల కూడా ఉంది.

జరిగిందేమిటంటే, తెల్లవారగానే తాయారమ్మ గడ్డి పెట్టింది. దూది తినలేదు. కొత్తిమీర పెట్టింది. తినలేదు. దానికి ఎంతో ఇష్టమని ఏరి తెచ్చే లేత గరిక పెట్టింది. మూతి తిప్పేసుకుంది. తాయారమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాతోపాటు నువ్వూ ఉపవాసమా తల్లీ? నాకు తోడుంటావా?"

ఆ ఇంట్లో ఆమెతోపాటు ఎవరైనా ఏదైనా చెయ్యడం అదే మొదటిసారి. అందుకని నమ్మింది.

ఆ మాట పెద్దాచారి గారి చెవిన పడింది. ఇంకేం!

"చూశారా! మా ఇంట్లో కుందేలు కూడా ఏకాదశి తప్పదు!"

ఊరు కదిలొచ్చింది. దూది నడ్డి పైకెత్తి, ముడుచుకు కూర్చుంది. "ఆసనం వేసింది" అన్నారు. కళ్ళు సగం మూసింది. "ధ్యానంలో ఉంది" అన్నారు. పళ్ళు కటకట నూరింది. "నామజపం!" అన్నారు. హారతి పట్టారు. ఒకావిడ చెంపలేసుకుని, "మా ఆయన్ని పంపిస్తాను, చూసి బుద్ధి తెచ్చుకుంటాడు. ఏకాదశి ఫలహారమని పొద్దుటి నుంచి మూడుసార్లు తిన్నాడు" అంది.

పెంటమ్మ వెనక మెట్టు కింద నిలబడి చూసింది.

కుక్కకి నొప్పొస్తే మూలుగుతుంది. ఆవుకి నొప్పొస్తే అరుస్తుంది. కుందేటికి నొప్పొస్తే ఊరుకుంటుంది. నొప్పని తెలిస్తే నక్కకి లోకువ, అది దాని అడవి బుద్ధి. ఊరుకున్నవాళ్ళకి ఏ బాధా లేదనుకోవడం మన బుద్ధి.

"అయ్యగారూ, అది ఉపాసం కాదు. జబ్బు" అంది పెంటమ్మ.

పెద్దాచారి గారు నవ్వారు.

"అయ్యగారూ, అది ఉపాసం కాదు. జబ్బు."

పెద్దాచారి గారు ముఖం చిట్లించారు. "నోరు ముయ్యి. నీకేం తెలుసు ఏకాదశి గురించి?"

"ఏకాదశి తెలవదు బాబూ. పెంటికలు తెలుసు. అది ఉపాసం కాదు, జబ్బు. పొద్దు వాలేలోపు చచ్చిపోద్ది."

హారతి పళ్ళెం ఆగింది.

"నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళేమిటే!" అని అరిచారు పెద్దాచారి గారు.

"మూడే బాబూ" అంది పెంటమ్మ. "మేత ఒక కాలు. ఒంట్లో వేడి ఒక కాలు. పెంటిక ఒక కాలు. ఒక్కటి ఇరిగినా కుందేలు నిలబడదు. దీనికి రెండిరిగినట్టే ఉన్నాయి. అమ్మా తాయారమ్మగారూ, మూడోది మీరు చూడండి. చెవి పట్టుకోండి."

తాయారమ్మ దూది చెవి పట్టుకుంది. ఎప్పుడూ పొయ్యి మీంచి దించిన రొట్టెలా వెచ్చగా ఉండే చెవి. ఇప్పుడు నూతి గట్టులా చల్లగా ఉంది.

ఆమె దూది కళ్ళలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"ఉపవాసం ఉన్నవాళ్ళ కళ్ళు వంటింటి వైపు ఉంటాయన్నయ్యా" అంది. "పాతికేళ్ళుగా నా కళ్ళు అటే ఉన్నాయి. దీని కళ్ళు ఎటూ లేవు."

తులసిమాల తీసేసింది. దూదిని ఎత్తుకుంది. వెనక మెట్టు దాకా నడిచింది. పెంటమ్మ వెనక్కి జరిగింది.

"వద్దమ్మా. నన్ను తాకితే మీ మడి పోద్ది."

"మడి మళ్ళీ కట్టుకోవచ్చు. ప్రాణం మళ్ళీ కట్టుకోలేం. పట్టుకో."

నాలుగు చేతుల మధ్య దూది ఉంది.

పెంటమ్మ ముందు దాన్ని పైట లోపల కడుపుకి హత్తుకుంది. కట్టెలపొయ్యి దగ్గరి ఇటుకని గుడ్డలో చుట్టమంది. చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, కాలకూడదు. ఆ మూట దూది పక్కన పెట్టింది. కడుపు మీద రెండు వేళ్ళతో ఈక తాకినట్టు తాకింది. "బిగిసింది. నొక్కకూడదమ్మా. లోపల గాలి పట్టేసింది." మూతి దగ్గర నీళ్ళు పెట్టింది. తాగలేదు. బలవంతంగా పొయ్యలేదు.

"నా చేతిలో ఉన్నది వెచ్చదనం ఒక్కటే" అంది. "మందు నా చేతిలో లేదు. వాగవతల పసుల వైద్యుడు జగ్గయ్య ఉన్నాడు. ఇప్పుడే పోవాల. దీనికి రేపనేది లేదు."

మండుటెండలో ఇద్దరు ఆడవాళ్ళు నడిచారు. దూది ముఖం మీద ఎండ పడకుండా తాయారమ్మ కొంగు పట్టింది, దాన్ని కుదపకుండా పెంటమ్మ అడుగులు వేసింది. ఇటు చూసినవాళ్ళు అటు తిరిగారు. వాగు మాత్రం ఇద్దరి పాదాలనీ ఒకేలా తడిపింది.

జగ్గయ్య మూడడిగాడు.

"ఆఖరున ఎప్పుడు తింది?"

"నిన్న పొద్దుగూకేటప్పుడు కొంచెం. రాత్రి గడ్డి ముట్టలేదు" అంది పెంటమ్మ.

"ఆఖరి పెంటిక ఎప్పుడు?"

"రాత్రి. మూడు. ఆవాలంత."

"మొన్న ఎలాగున్నాయి?"

"శనగలంత."

జగ్గయ్య పెంటమ్మ వంక ఎగాదిగా చూశాడు. "ఈ మూడూ తెలీకుండా మందిస్తే, చీకట్లో రాయి విసిరినట్టేనక్కా. నా దగ్గరికొచ్చే దొరలెవరికీ ఈ జవాబులు తెలీవు. గుర్రం తోక ఎంత పొడుగో చెబుతారు."

ఏదో వేరు నూరాడు. ఆ వేరు పేరు కథలో జారిపోయింది. ప్రశ్నలు మాత్రం మిగిలాయి. మందు చుక్క చుక్కగా వేశాడు. తర్వాత ఎదురుచూడడమే.

పొద్దు వాలింది. దూది చెవి చల్లగానే ఉంది.

పొద్దు ఇంకా వాలింది. పళ్ళ కటకట ఆగింది. ఎందుకాగిందో ఇద్దరిలో ఎవరూ జగ్గయ్యని అడగలేదు.

కొండ మీద ఎర్రటి వెలుగు ఉండగా గుడ్డ మీద ఏదో పడింది. చిన్నది. నల్లటిది. ఒక్కటి.

తాయారమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఎవరి నీడ తగిలినా స్నానం చెయ్యాల్సిన మనిషి, ఆ పెంటికని ముత్యంలా పట్టుకుని చూసింది. నవ్వింది. నవ్వుతూ ఏడ్చింది. పెంటమ్మ దూది చెవి పట్టుకుని, "ఎక్కుతోందమ్మా, వేడెక్కుతోంది" అంది. కాసేపటికి దూది గరిక పోచని అంచు నుంచి కొరికింది.

అప్పుడు పెంటమ్మకి తన ఆకలి గుర్తొచ్చింది. కొంగున మూట కట్టుకున్న జొన్నరొట్టె విప్పింది. విప్పి, సిగ్గుపడింది.

"మీకేటీ పెట్టలేనమ్మా. ఇయ్యాల మీకు ఏకాదశి."

తాయారమ్మ దూది తినడం చూస్తోంది.

"కుందేటికి ఏకాదశి లేదు కదూ?"

"లేదమ్మా."

"మరి నాకు?"

పెంటమ్మ రొట్టెని రెండు ముక్కలు చేసింది. పెద్ద ముక్క అటు పెట్టింది.

మర్నాడు పెద్దాచారి గారు పెంటమ్మని రావద్దన్నారు. ఒక రోజు గడిచింది, పెరట్లో ఈగలు ముసిరాయి. రెండో రోజు గడిచింది, నడవలో ఈగలు ముసిరాయి. మూడో రోజు నైవేద్యం మీదే ఈగలు ముసిరాయి. నాలుగో రోజు ఆయనే వెనక మెట్టు దాకా వచ్చి, ఆకాశం వంక చూస్తూ, "ఎవరైనా ఊడిస్తే బాగుండును" అన్నారు. పెంటమ్మ ఊడ్చింది. మెట్టు ఎక్కి మరీ ఊడ్చింది.

పెంటమ్మ ముసలిదై చనిపోయింది. ఆమె పేరు ఏ రాతిమీదా ఎవరూ చెక్కలేదు. తాయారమ్మ మాత్రం ఆ మెట్టు పక్కన గరిక నాటింది.

ఇప్పటికీ ఆ వాగుకి అటూ ఇటూ కుందేళ్ళు పెంచేవాళ్ళు లేవగానే, తమ ముఖం కడుక్కోకముందే మూడు చూస్తారు. మేత తగ్గిందా, చెవి వెచ్చగా ఉందా, పెంటికలున్నాయా. దాన్ని పెంటమ్మ చూపు అంటారు. ఒక్కటి తేడా వచ్చినా రేపటికి వాయిదా వెయ్యరు, వైద్యుడి దగ్గరికి పరిగెడతారు.

ఏ ఇంట్లోనైనా, ఎప్పుడూ ఏమీ అడగని మనిషి కంచం పక్కకి తోసి "నాకు ఆకలి లేదు" అంటే, ఎవరో ఒకరు వెళ్ళి పక్కన కూర్చుంటారు. చెయ్యి పట్టుకుని చూస్తారు. "కుందేటికి ఏకాదశి లేదమ్మా, ఏమైందో చెప్పు" అంటారు.

ఆడపిల్ల పుడితే ఆ ఊళ్ళో ఇప్పటికీ పెంటమ్మ అని పేరు పెడతారు. చావు ముక్కు మూసుకుని పోవాలని కాదు. చావు గుమ్మం ఎక్కకముందే ఆ పిల్ల దాన్ని చూడాలని.